ఫర్నేసుకు పూలదండ

కాజీపల్లిలోని ఒక మందుల కంపెనీ ల్యాబులో అమ్మ ఊడ్చి తుడిచే పని చేస్తుంది. ఆయుధపూజకు ఇంట్లోవాళ్లనూ రమ్మన్నారని నన్ను తీసుకెళ్లింది.

అన్ని మిషన్లూ కడిగి బొట్లు పెడుతున్నారు. మూలన, పరీక్షకు ముందు పింగాణీ గిన్నెలను వేడిచేసే చిన్న ఫర్నేసు ఉంది. సూపర్‌వైజర్ చలపతిరావు గారు దాన్ని చూపించి, "శకుంతలా, దీని లోపల కూడా తడిగుడ్డతో తుడిచెయ్యి. పంతులుగారు వచ్చేస్తున్నారు" అన్నారు.

"పొద్దున నడిచింది గద సార్, జెర సల్లారనియ్యండి" అంది అమ్మ.

"పైన ముట్టుకుని చూశాను, చల్లగానే ఉంది. ఏడాదికోసారి స్నానం చేయించడానికి కూడా బద్ధకమేనా?"

అందరూ నవ్వారు. అమ్మ గుడ్డ పిండింది.

ఫర్నేసు తలుపు మీద వేసిన బంతిపూల దండ వెనక ఒక కాగితం కనిపిస్తే, దండ జరిపి చదివాను. ప్లగ్గు తీసి, పైన చల్లబడినా లోపల వేడి ఉంటుంది కాబట్టి అదీ పూర్తిగా చల్లారాక, పొడి బ్రష్షుతోనే శుభ్రం చేయాలని ఉంది. నీళ్లు తగలకూడదని ఎర్రగా రాశారు. ప్లగ్గు మాత్రం ఇంకా గోడకే ఉంది. ఫర్నేసుకు దండ వేసిన వాళ్లు అమ్మకు గ్లౌజులైనా ఇవ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

అమ్మ చెయ్యి పట్టి వెనక్కి లాగాను. "సార్, గీ కాగితం మీరే అంటించి, మీరే పూలతోని కప్పిన్రు. మా అమ్మ చెయ్యి కాలినంక ఎవరికి పూజ చేస్తరు?"

ఆయన కాగితం వైపు చూసి, "పిల్లకు నోరు బాగానే ఉందే" అని గొణిగారు.

అమ్మ గుడ్డను బకెట్లో పడేసింది. "గ్లౌజులియ్యండి సార్, రేపు బ్రష్షుతోని తుడుస్త."

పంతులుగారు దుమ్ముతో ఉన్న ఫర్నేసుకే బొట్టు పెట్టారు.