మామ గిల్లిన కాయలు

లేవగానే మొహం కూడా కడుక్కోకుండా కిటికీ అవతలి కుండీలోకి తొంగిచూస్తాను. ఈ ఎండాకాలమంతా అదే నా బతుకైపోయింది. పసుపుపచ్చ డేలిల్లీ పువ్వు పూసిందా, లేదా? పూస్తే మా అత్త వీరమ్మ గంజి తాగుతుంది. పూయకపోతే నోరు తెరవదు.

తుంటి విరిగి మంచాన పడ్డప్పటి నుంచి ఆమెకు తిండి మీద ధ్యాసే పోయింది. ఆ పువ్వొక్కటే ఆమెకు కాలక్షేపం. పాడు పువ్వు, ఒక్క పగలే ఉంటుంది. సాయంత్రానికి వాడిపోతే మర్నాడు ఇంకో మొగ్గ విచ్చాలి.

మొక్క ఇచ్చిన పక్కింటి సల్మా ముందే చెప్పింది. "వాడిన పువ్వును మొదలుతో సహా గిల్లెయ్ అక్కా. కాయ పట్టిందంటే బలమంతా దానికే పోతాది, కొత్త కాడ రాదు. మద్యానం నీడ పెట్టు, సందేళ వేరుకు నీళ్లు పొయ్." ఆదోనిలో కొళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అయినా బియ్యం కడిగిన నీళ్లన్నీ దానికే పోశాను. గిల్లడం దగ్గరే వచ్చింది పేచీ.

మా మామ మాదన్న ఆలూరు దగ్గర పత్తి పండించిన మనిషి. పత్తిలో పువ్వు రాలి కాయ నిలిస్తేనే ఇంట్లో అన్నం. నేను వాడిన పువ్వు మీద చెయ్యి వేస్తే చాలు, అరుగు మీంచి లేచి వచ్చేవాడు.

"పట్టే కాయను గిల్లుతావా కవితా? సేతులెట్లా వస్తాయమ్మా నీకు!"

"ఇది పత్తి కాదు మామా!"

"ఏదైతేనేం, కాయ కాయే."

నేను బజారుకు పోతే కుండీ పక్కనే కాపలా కూర్చునేవాడు. కాయలు ఊరుతుంటే ఆయన మురిసిపోయేవాడు. మొగ్గలు తగ్గుతుంటే నాకు కాలు నిలిచేది కాదు. వంటింట్లోంచి కిటికీకి, కిటికీ నుంచి వంటింటికి ఒకటే తిరుగుడు. చివరికి ఒకరోజు కుండీలో పువ్వే లేదు. అత్త మొహం గోడవైపు తిప్పుకుంది. గంజి గ్లాసు మధ్యాహ్నం దాకా అట్లాగే ఉండిపోయింది.

నాకు తిక్కరేగింది. "పోయి సూసుకో మామా! నీ కాయలు బాగుండాయి. ఆమె కడుపే ఎండిపోతాంది!" అని కేకలేశాను.

ఆయన లోపలికి వెళ్లి అత్తను చూసి వచ్చాడు. కుండీ ముందు గొంతుక్కూర్చుని కాయలన్నీ తనే గిల్లాడు. గిల్లినవి పారేయకుండా తువ్వాలు చెంగున ముడి వేసుకున్నాడు. పూత అయిపోయిన కాడలను నేను కత్తెరతో మొదలంటా కోశాను.

ఆ తర్వాత నేను పడ్డ యాతన పగవాళ్లకు కూడా వద్దు. బతిమాలి, తిట్టి అత్త నోట్లో నాలుగు చెంచాలు పోసేదాన్ని. కొత్త కాడ లేచేదాకా, దాని మొగ్గ లావెక్కేదాకా మామకూ నాకూ కంటిమీద కునుకు లేదు.

అది విచ్చిన పొద్దున ఆయనే అత్త గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు. తర్వాత బయటికి వెళ్లిపోయాడు. అత్త చాలాసేపు చూసింది.

"ఆ కాయలు ఏమైనాయే?"

"మామే గిల్లేసినాడు అత్తా."

"కరువుకు పత్తికాయ రాలిపోతే గట్టున కూకోని ఏడ్సిన మనిసి..." ఆమె కళ్లు నిండిపోయాయి. "నా కోసరం గిల్లినాడా?"

అవునన్నాను. అత్త చెయ్యి చాపి గంజి గ్లాసు తనే అందుకుంది.

"ఆయప్పకు కూడా పొయ్ పో. ఇన్నాళ్లూ కడుపునిండా తిని ఉండడు."