వెచ్చటి నేల

ఉర్సా నేలమీద పరిచిన తడి బార్లీని అరచేత్తో తిరగేస్తోంది. రోము దొరలు స్నానాలకని కట్టుకుని, ఏనాడో వదిలేసి పోయిన గది అది. నేలకింది పొయ్యి రాజేస్తే పై పలకలు వేడెక్కి, మధ్యాహ్నానికల్లా గింజలు గలగలమంటాయి. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆమెకిదే పని. గోళ్లలో మసి, మోకాళ్లమీద కాయలు. మొగుడు పోయాక పడక కూడా ఆ గది మూలనే.

నడవా అవతల నెమలిగది. ఆ నేలంతా రంగురాళ్లతో పొదిగిన నెమలి. అత్త దాన్ని చిన్నకోడలు సెకుండకిచ్చింది. సెకుండేమో నెమలి మెడమీదే పొయ్యి పెట్టి జావ కాచుకునేది. నీలంరాళ్లు మాడి బొగ్గయ్యాయి. అదే ఉర్సా గది అయితే రోజూ కడిగి తుడుచుకునేది కాదూ! చూసినప్పుడల్లా ఆమె కుళ్లుకునేది.

కొన్నాళ్లుగా సెకుండకు జ్వరం. ఉర్సా జావ పట్టుకెళ్లింది.

"తాగు. నీ నెమలిమీద కాచింది కాదులే, రుచిగానే ఉంటుంది."

సెకుండ నవ్వబోయి దగ్గింది. "నెమలి చూడ్డానికే అక్కా. ఈ రాళ్లు ఒట్టి మంచు. పొయ్యి లేకపోతే ఎప్పుడో బిగుసుకుపోయేదాన్ని. నువ్వక్కడ వెచ్చగా గుర్రుపెడుతుంటే, నిన్ను చూసి ఎంత ఏడ్చేదాన్నో!"

"నన్ను చూసా? ఈ మసిమొహాన్నా?"

"నిన్నే. నేను పోతే నీ గదిలో పూడ్చమను. ఈ చలిలో వద్దు."

"నోర్మూసుకుని తాగు."

బార్లీ ఎత్తి వచ్చేసరికి జావ తొరక కట్టింది. సెకుండ గోడవైపు తిరిగి ఉంది. ఊపిరి లేదు.

మరిది ప్రోబో గడపలో నిలబడ్డాడు. "వదినా, నీ గదిలో పూడ్చమని నాతోనూ అంది. అది నోరు తెరిచి అడిగింది అదొక్కటే. నేను పశువుల కొట్టంలో పడుకుంటాలే. ఈ గది నువ్వు తీసుకో."

ఉర్సా తన గదికి వెళ్లి, నేలకింది నిప్పు ఆర్పి, పలకలు చల్లారాక తన పడక తీసేసి, ఆ చోటే పలుగుతో పెళ్లగించింది. 'పోతూ పోతూ కూడా మంచి చోటు తనే కొట్టేసింది' అనుకుంది పళ్లు బిగించి. సెకుండను దింపాక మట్టిని మాత్రం వేళ్లతో నలిపి, గడ్డ లేకుండా మెత్తగా పోసింది.

పొద్దువాలేవేళ పడక చంకన పెట్టుకుని నెమలిగదిలో అడుగుపెట్టింది. ఇన్నేళ్ల కోరిక. అరికాళ్లనుంచి చలి జివ్వున మోకాళ్లదాకా పాకింది. ఆరిన పొయ్యి పక్కన సెకుండ గొర్రెతోలు చెప్పులున్నాయి. నిప్పుకు ఆనించి ఆనించి అడుగులు కమిలిపోయాయి. లోపలి బొచ్చు ఇంకా ఆమె కాలివేళ్ల ఆకారంలోనే అణిగి ఉంది.