చివరి స్తంభం

మా వ్యాపార మండలి అధ్యక్షుడికి తీరిక తక్కువ. నెలకోసారి పది లెటర్‌హెడ్లు ముందేసుకొని, అడుగున వరసగా సంతకాలు గీకి, మండలి గుమాస్తానైన నా సొరుగులో పడేసి వెళ్లిపోయేవారు. పైన ఏం రాయాలో తర్వాత ఫోనులో చెప్పేవారు. నేను టైపు చేసి పంపేవాణ్ని. ఇలా పధ్నాలుగేళ్లు. అన్నేళ్లలో ఆయన చెప్పని ముక్క ఒక్కటి కూడా ఆ సంతకాల మీద పడలేదు. దాన్ని నిజాయితీ అంటారని అనుకునేవాణ్ని.

మండలిలో నూట ఇరవై మంది సభ్యులు. అందులో నా బావమరిది ఒకడు. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆమె పోయి మూడేళ్లయినా ఏ ఆదివారమూ మానకుండా వచ్చేవాడు. ఫ్యాను రెక్కలు తుడిచేవాడు, ఊగుతున్న కిటికీ తలుపు బిగించేవాడు, నేను వండినదాన్ని వంక పెట్టకుండా తినేవాడు. నా వంటకు వంక పెట్టకపోవడమంటే మాటలు కాదు.

మా పారిశ్రామికవాడ చివరి సందులో వాడిది సాక్సులు అల్లే షెడ్డు. ఆరు మిషన్లు, పదకొండు మంది ఆడవాళ్లు. కరెంటు తీగ వీధులన్నీ తిరిగి, అందరూ వాడుకోగా మిగిలినది వాడి గుమ్మం ముందున్న చివరి స్తంభానికి చేరేది. పొద్దున పదకొండు దాటితే బల్బులు గుడ్డివయ్యేవి. గిర్రున తిరిగే మిషను ఉన్నట్టుండి నీరసపడేది. సూది కొక్కెం దారాన్ని జారవిడిచేది. మళ్లీ ఊపందుకోగానే సూది టక్కున విరిగేది. అప్పటికే చీలమండ నుంచి మడమ దాకా అల్లిక నిచ్చెనలా విడిపోయి ఉండేది.

సాక్సులు కొనే బూట్ల కంపెనీ వాడికి ఆఖరిమాట చెప్పేసింది. ఎండాకాలం అయ్యేలోగా సరుకు తిరగ్గొట్టే అవసరం రాకూడదు, వస్తే ఇంకో చోటు చూసుకుంటాం అని. వాడికి వేరే బేరం లేదు.

అర్జీ రాసి మండలిలో పెట్టాను. అధ్యక్షుడు స్వయంగా షెడ్డుకు వచ్చారు. ఆయనది వాడలోకెల్లా పెద్ద కోల్డ్ స్టోరేజీ. పనివాళ్లు వెనకాల ఆయన్ని ‘ఐసుగడ్డ గారు’ అనేవారు. ఆ రోజు మాత్రం మంచులా లేరు, కరిగి నీరైపోయారు. మూలనున్న చెడిపోయిన సాక్సుల కుప్పలోంచి ఒకటి తీసి చేతికి తొడుక్కొని, "ఏమయ్యా, ఇన్నాళ్లూ నోరెందుకు మెదపలేదు? మేమున్నది దేనికి?" అన్నారు.

"మెదిపాను సార్, మూడు మీటింగుల్లో," అన్నాడు బావమరిది నవ్వుతూ.

"అయితే గట్టిగా మెదపలేదు," అన్నారాయన. ఆడవాళ్లు కూడా నవ్వారు. ఒక సంచెడు చెడ్డ సాక్సులు కట్టించుకొని వెళ్లారు.

కరెంటాఫీసులో ఆయన మాట్లాడిన తీరు ఇప్పటికీ మెచ్చుకోవలసిందే. సంచిని ఇంజనీరు బల్ల మీద గుమ్మరించారు. "సార్, మా కోసం రాలేదు. మేం ఎలాగో నెట్టుకొస్తాం. ఆ చివరి స్తంభం దగ్గర పదకొండు మంది ఆడవాళ్లున్నారు, వాళ్ల కోసం వచ్చాం," అన్నారు. ఆయన గొంతు కాస్త వణికింది కూడా. ఇంజనీరు ఒక సాక్సులో చెయ్యి పెట్టాడు. రెండు వేళ్లు బయటికొచ్చాయి.

"గాలి బాగా ఆడుతుంది," అని నవ్వి, ఫైలు తెప్పించుకున్నాడు. "కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి రాస్తున్నా. ఎక్కడ పెట్టాలో మీ మండలి తరఫున ఉత్తరం ఇవ్వండి. మేం ఆ ప్రకారం పెట్టేస్తాం."

ఆ మెట్లు దిగుతున్నప్పుడు మండలిని చూసి నాకు గర్వమేసింది. దాచుకోవడం దేనికి, కళ్లు చెమర్చాయి.

మర్నాడు పొద్దున్నే అధ్యక్షుడి ఫోను. "మేష్టారూ, చోటు రాసుకోండి. కోల్డ్ స్టోరేజీ ఉత్తరం గోడ పక్కన."

"సార్, చివరి స్తంభం దగ్గరని కదా..."

"మీరు చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలా? నా లోడంతా పాత ట్రాన్స్‌ఫార్మర్ మీంచి దిగిపోతే మిగిలినవాళ్లకు మిగులుతుందా, మిగలదా? నేను దిగితే నలుగురు ఎక్కుతారు. ఉత్తరం ఇవాళే పోవాలి."

వాదనలో తప్పు పట్టడానికి చోటు లేదు. పెద్దవాళ్ల వాదనలు అలాగే ఉంటాయి. ఆయన చెప్పినట్టే టైపు చేశాను. తర్వాత సొరుగులోంచి ఇంకో సంతకం కాగితం తీసి రెండో ఉత్తరం కొట్టాను. ‘సాక్సుల షెడ్డు ఎదుట, చివరి స్తంభం దగ్గర.’ ఒక కవరులో ఒకటి, మరో కవరులో మరొకటి పెట్టుకొని, భోజనాల వేళకు షెడ్డుకు వెళ్లాను.

మిషన్లు ఆగి ఉన్నాయి. ఆడవాళ్లు గోడ నీడన కూర్చొని తింటున్నారు. సాక్సులకు వేళ్ల దగ్గర కుట్టు వేసే పెద్దావిడ నన్ను చూసి, ఏమీ అడక్కుండా తన పీట నాకు జరిపి తను నేల మీద కూర్చుంది. బావమరిది చేతుల నూనె తుడుచుకొని రెండో ఉత్తరం చదివాడు. మళ్లీ చదివాడు. తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"ఇది ఆయన చెప్పిందేనా బావా?"

"సంతకం ఆయనదే."

"అది కనిపిస్తూనే ఉంది. చెప్పిందా?"

"ఒకసారి దిమ్మె కట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించాక ఎవరు పీకుతార్రా? అరుస్తారు. అరవనీ."

"అరిచి ఊరుకుంటారా? నీ ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే ఊడనీ," అన్నాను. ఆ మాట నాకే సన్నగా వినిపించింది.

వాడు నన్ను ఇంకాసేపు చూశాడు. తర్వాత కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపి, తుక్కు దారాల డబ్బాలో పడేశాడు. "వద్దులే. అక్క ఉంటే నా మీద చీపురు తిరగేసేది. ఆయన చెప్పిందీ నిజమేనేమో, లోడు దిగితే మనకూ కరెంటు దిగుతుందేమో. చూద్దాం."

నేను ఇంకొక్కసారి నచ్చజెప్పాను. రెండోసారి చెప్పలేదు. తిరిగి వస్తూ మొదటి కవరును కరెంటాఫీసులో ఇచ్చేశాను. దారిలో ఎవరో కుక్కల కోసం కుండపెంకులో నీళ్లు పోసి పెట్టడం చూసి, లోకంలో ఇంకా మంచి ఉందనుకున్నాను. అంత తేలిగ్గా ఉంది నా మనసు.

నెలలోగా ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. రిబ్బను కట్టి కత్తిరించారు. ఉపన్యాసంలో అధ్యక్షుడు సాక్సుల షెడ్డును మూడుసార్లు తలుచుకున్నారు. అబద్ధం చెప్పకూడదు, కరెంటు నిజంగానే బాగుపడింది. సాయంత్రాలు బావమరిది ఫోను చేసేవాడు. "బావా, ఇవాళ ఒక్క సూదీ విరగలేదు." "బావా, ఇవాళ కూడా." పన్నెండు రోజులు అలా చేశాడు.

పదమూడో రోజు చెయ్యలేదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ మీద ఖాళీ అయిన లోడుతో అధ్యక్షుడి అల్లుడు ఐసు ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు.

నా జీవితంలో మొదటిసారి పిలవకుండా ఆయన గదిలోకి వెళ్లాను. ఆయన కోప్పడలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించారు.

"ఉన్న లోడు ఊరికే పోతుంటే ఎవరో ఒకరు వాడుకోవాలిగా మేష్టారూ. మండలి ఉన్నది సభ్యుల కోసం. మా అల్లుడు సభ్యుడు కాడా?"

"సాక్సుల అబ్బాయి కూడా సభ్యుడే సార్."

"కాదన్నానా? అర్జీ పెట్టమనండి. ఈసారీ నేనే దగ్గరుండి తీసుకెళ్తా."

ఎండాకాలం ఇంకా మూడు వారాలుండగానే సరుకు తిరిగొచ్చింది. బూట్ల కంపెనీ మాట మీద నిలబడింది. షెడ్డు మూతపడింది. పదకొండు మందిలో ఏడుగురిని కోల్డ్ స్టోరేజీలో కూరగాయలు ఏరే పనికి తీసుకున్నారు. మండలి వార్షిక నివేదికలో, ‘సాక్సుల షెడ్డు మూతపడగా ఉపాధి కోల్పోయిన ఏడుగురు మహిళలకు మన సభ్య సంస్థ పని కల్పించింది’ అని రాశాను. అధ్యక్షుడు వాక్యం మొదటి సగం కొట్టేసి, మిగతాది బాగుందన్నారు. నేను దాన్ని అలాగే అచ్చుకిచ్చాను.

మిషన్లు తీసుకుపోవడానికి లారీ వచ్చిన పొద్దున నేను వెళ్లాను. కొన్నాయన ఇద్దరు మనుషుల్నే తెచ్చుకున్నాడు. వాళ్లు నాలుగు ఎక్కించి, లారీ నీడలో బీడీలు వెలిగించారు. లోపల నేల మీద మిషన్లుండిన చోట నాలుగు నూనె మరకలు. బావమరిది ఐదో మిషను బోల్టులు విప్పుతూ కూర్చున్నాడు. నేను పక్కన గొంతుక్కూర్చున్నాను.

"ఒరేయ్, ఒక మాట చెప్పాలి. ఆ రోజు నువ్వు కాగితం చింపేసినప్పుడు... నాకు హాయిగా అనిపించింది."

వాడి చెయ్యి ఆగలేదు. రెంచీ ఇంకో అరచుట్టు తిరిగింది.

"తెలుసు బావా."

"తెలుసా?"

"నీ మొహం చూశాకేగా చింపింది. ఊడితే ఊడనీ అంటున్నావు, కళ్లేమో వద్దనరా, వద్దనరా అని బతిమాలుతున్నాయి." బోల్టు ఊడి వచ్చింది. దాన్ని చొక్కాకు తుడిచి జేబులో వేసుకున్నాడు. "నువ్వు నిజంగా ఇచ్చి ఉంటే నేను తీసుకునేవాణ్నే."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ని.

బయట లారీవాడు హారను కొట్టాడు. బావమరిది లేచి మిషనుకు అటువైపు వెళ్లి, వంగి అడుగున చేతులు దూర్చాడు.

"ఆ కొస పట్టుకో బావా," అన్నాడు. "నడుము జాగ్రత్త."