బోణీ బేరం

ఈ దేశంలో దిగేనాటికి నా చేతిలో ఉన్నవి: ఇల్లూ పొలం అమ్మి కొన్న కొట్టు తాళాలు, ఇక్కడి భాషలో వంద దాకా అంకెలు, నా మాట కాదనని మా ఆవిడ. ఆరేళ్లలో ఆ కాదనకపోవడం కాస్తా కరిగిపోయింది.

కొట్టు కుట్టుపని సామానుది. గుండీలు, జిప్పులు, దారాలు, కత్తెరలు. దానిమీదే మా రెండు గదులు. కిటికీ తీస్తే పక్క బేకరీ గోడ తప్ప ఆకాశం కనబడదు. గానుగెద్దుకూ నాకూ తేడా ఉంటే, అది గుండ్రంగా తిరుగుతుంది, నేను మెట్లమీద పైకీ కిందికీ తిరుగుతాను.

ఇక్కడివాళ్లు బేరమాడరు. చీటీ మీది ధర నచ్చితే ఇస్తారు, లేకపోతే నోరు మెదపకుండా పోతారు. "మరీ ఇంత చెబితే ఎలాగయ్యా" అనే మనిషి లేక నా నాలుక తుప్పు పట్టింది.

వచ్చిన కొత్తలో ఒకనాడు, షట్టర్ ఎత్తగానే ఒక ముసలావిడ వచ్చి, జిప్పు ధర చూసి అక్కడే పెట్టేసి వెనుదిరిగింది. తొలి బేరం గుమ్మం దాటిపోతే రోజంతా ఈగలు తోలుకోవాల్సిందే కదా! వెనక్కి పిలిచి ఆమె చేతిలోని చిల్లరకే ఇచ్చేశాను. అంతే, ఆవిడకి కిటుకు తెలిసిపోయింది. అప్పటినుంచి రోజూ షట్టర్‌కన్నా ముందే హాజరు. చిల్లర పెడుతుంది, కావలసింది తీసుకుంటుంది. మా ఆవిడ ఆమెకు బోణీ బామ్మ అని పేరు పెట్టింది.

ఈ ఏడాది బేకరీ యజమాని నా కొట్టు కొని, గోడ కొట్టేసి తన కొట్టు పెంచుకోవాలనుకున్నాడు. నేను చెప్పిన ధరకు తలూపాడు. మర్నాడు పొద్దున్నే ఒకసారి చూసుకుని ఖాయం చేస్తానన్నాడు. ఈ వీధిలో కొనేవాడు అతనొక్కడే. ఇక మన ఊరికి తిరిగివెళ్లడమే అని మా ఆవిడ అటకమీది పెట్టెలు దించింది.

"ఏమండీ, రేపొక్కరోజు ఆ బామ్మని పంపించెయ్యండి. ఆయన ముందు అభాసుపాలు కావొద్దు."

"బోణీ మనిషిని పొమ్మంటే అంత పెద్ద బేరం కుదురుతుందటే?"

"మీ బోణీ బంగారం గానూ! దానివల్ల ఇన్నాళ్లూ ఏం ఒరిగిందని?"

పొద్దున బేకరీ యజమాని అరలు తడిమి చూస్తుండగా బామ్మ వచ్చింది. కొట్టులోకెల్లా ఖరీదైన కత్తెర తీసి, బల్లమీద నాలుగు చిల్లర బిళ్లలు పెట్టింది. చిల్లర కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేశాను.

"చీటీ మీదొక ధర, చేతికొక ధర. మరి నాకు చెప్పింది ఏ ధర?" అన్నాడతను.

బోణీ అంటే ఏమిటో వచ్చీరాని మాటలతో వివరించాను. శ్రద్ధగా విన్నాడు.

"ఇదివరకెప్పుడైనా కొట్టు అమ్మావా?"

"లేదు."

"ఇంకేం, నాదీ బోణీయే. సగమిస్తా."

బేరం కోసం ఇన్నేళ్లు మొహం వాచినవాణ్ని, వేళ్లమీద లెక్క వేసుకున్నాను. సగంతో తిరిగివెళ్తే అక్కడ కొట్టు కాదు, కొట్టు ముందు అరుగు కూడా రాదు.

"గిట్టదు" అన్నాను.

"బోణీ వేళ కాదంటావా!" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

మెట్లమీద నిలబడి మా ఆవిడ అంతా వింది.

"మళ్లీ వస్తాడులే" అన్నాను.

"ఎందుకు రాడు? మనం ఎక్కడికి పోతాం గనక!" అని పెట్టెలు తిరిగి అటకెక్కించింది.

నిజంగానే వచ్చాడు. ఇప్పుడు ప్రతి సోమవారం, బామ్మ వెళ్లాక వస్తాడు. వచ్చినప్పుడల్లా ఇంకాస్త తగ్గిస్తాడు. నేను ససేమిరా అంటాను. గుమ్మం దాకా వెళ్లి, అచ్చం మనవాళ్లలాగే ఆగి వెనక్కి చూస్తాడు.

లెక్క తేలిస్తే ఇన్నేళ్లలో నాకు మిగిలింది: అమ్ముడుపోని కొట్టు, ముక్తసరిగా మాట్లాడే పెళ్లాం, బేరమాడే పొరుగువాడు. ఆ విద్య అతనికి నేర్పింది నేనే.