మూరన్నర లోతు

"రాటలు పాతడమంటే అన్నం వార్చడం కాదే," అన్నాడు సత్యరాజు, పీట మీద కూర్చుని ఫోను చూసుకుంటూ.

మగ్దలీన అప్పుడు అన్నమే వారుస్తోంది. మూత మీద మసిగుడ్డ అదిమిపెట్టి, గంజి ఆఖరి చుక్క దిగేదాకా గిన్నె వంచుకుని నిలబడింది. అన్నం వార్చడం మాత్రం ఎవడికి వచ్చని అనబోయి ఊరుకుంది. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో ఏ మాట వెనక ఏ మాట వస్తుందో ఆమెకు తెలిసిపోయింది.

ఆమె అడిగింది ఒక్కటే. చనిపోయిన అమ్మ తన పేరున రాసిన ముప్పై సెంట్ల జీడితోటలో, అక్కుపల్లి దారి పక్కన, ఒక షెడ్డు వేసుకుంటానంది. తిత్లీ తుపానుకి పాత చెట్లన్నీ వేళ్ళతో లేచిపోయాక ఆ తోటలో మళ్ళీ మొక్కలు నాటింది ఆమే. పగలంతా కాశీబుగ్గలో జీడిపప్పు ఒలిచి, సాయంత్రం బస్సు దిగి, ఇంటికి పోకుండా ముందు బిందెలతో నీళ్ళు మోసింది. ఇప్పుడవి కాపుకొచ్చాయి. కానీ ఏరిన జీడిపిక్కలు దాచుకోవడానికి చోటు లేక ఏ రోజువి ఆ రోజే వ్యాపారికి ఇచ్చేయాల్సి వస్తోంది. ఓ నీడంటూ ఉంటే ఎండబెట్టుకోవచ్చు, నిలవ చేసుకోవచ్చు, ఆమే పగలగొట్టి ఒలుచుకోవచ్చు. ఇరవై ఏళ్ళుగా పరాయివాళ్ళ పప్పు ఒలిచిన చేతులవి. జీడిసొనకు వేలిముద్రలు అరిగిపోయి, రేషను మిషను మీద వేలు పెడితే అది ఆమెను గుర్తుపట్టదు. "నీ ఏలికే నువ్వెవరో తెలీదు!" అని సత్యరాజు ఓసారి డిపో దగ్గర అందరి ముందూ నవ్వాడు. అందరితో పాటు తనూ నవ్వింది. ఇంటికొచ్చాక చాలాసేపు చేతుల వంక చూసుకుంది.

"ఎవులేత్తారు షెడ్డు?" అన్నాడు.

"నానే ఏసుకుంటాను బావా. సూర్యకుమారి సాయమొత్తానంది."

"ఇద్దరాడోళ్ళేటి, రాటలెత్తడమేటి! సాల కట్టడమంటే..." అని ఆగిపోయాడు. ఫోను జేబులో పెట్టుకుని, కంచం ముందుకు లాక్కున్నాడు.

సాల అనే మాట ఆ ఇంట్లో ఏడేళ్ళుగా ఎవరూ పైకి అనరు. తుపాను వచ్చిన సంవత్సరం, ఆ వేసవిలోనే, సత్యరాజు ఇంటి వెనక తన చేతులతో పశువుల సాల కట్టాడు. ఊరంతా మెచ్చుకుంది. అక్టోబరులో తెల్లవారుజామున అది కూలింది. కూలినప్పుడు లోపల చిన్నతల్లి ఉంది. సత్యరాజుకు తల్లి, మగ్దలీనకు మేనత్త. ఆవు తాడు తెంపుకుని బతికింది. చిన్నతల్లి బతకలేదు.

శవం ఇంకా అరుగు మీద ఉండగానే, చూడవచ్చినవాళ్ళతో సత్యరాజు ఏడుస్తూ అన్నాడు: "సాయంత్రమే సెప్పేను. ఆవుని ఇప్పీసి తోటలోకి తోలియ్యమని సెప్పేను. ఇది మరిసిపోనాది. దాని కోసమే మాయమ్మ లోనకెల్లింది."

అందరూ మగ్దలీన వైపు తిరిగారు. ఆమె తల వంచుకుంది. ఆ క్షణంలో ఆమెకు బాగా తెలుసు, అతను సాయంత్రం ఆ మాట చెప్పలేదని. నెల గడిచేసరికి, చెప్పాడేమో, పొయ్యి దగ్గర పొగలో తనకు వినబడలేదేమో అనిపించింది. ఏడాది తిరిగేసరికి ఆ గొంతు స్పష్టంగా వినబడటం మొదలైంది. గుమ్మంలో నిలబడి, తల తుడుచుకుంటూ, ఆవుని ఇప్పెయ్యే అంటున్న సత్యరాజు. అతని భుజం మీద తువ్వాలు రంగు కూడా కనబడేది. జరగనిది అంత వివరంగా ఎలా గుర్తుంటుంది? అయితే జరిగే ఉంటుంది. తనే చంపింది అత్తను.

అత్త కూడా ఆమెను వదల్లేదు. పాస్టరుగారు ఎన్నిసార్లు మందలించినా చిన్నతల్లి అడ్డచుట్ట మానలేదు. నిప్పు లోపల పెట్టుకుని, పెదాలు బిగించి, పనులన్నీ చేసుకుపోయేది. వాకిలి ఊడ్చి నడుము ఎత్తితే చాలు, మగ్దలీనకు ఆ పొగాకు వాసన తగిలేది. పెరట్లో దగ్గు వినబడేది. బట్టలు ఆరేస్తుంటే తీగకు అవతల ఎవరో నిలబడ్డట్టు ఉండేది. పక్కకు జరిపి చూస్తే చెట్లు కూలిన ఖాళీ, దాని వెనక సముద్రపు గాలి. ఆమె భయపడేది కాదు. తల వంచుకునేది. అత్త ఏదో అడగడానికి వస్తోందని, అడిగితే తన దగ్గర జవాబు లేదని అనుకునేది.

ముడిసరుకు రాలేదని ఫ్యాక్టరీ వారం రోజులు మూసిన అదనులో షెడ్డు పని మొదలుపెట్టింది.

సూర్యకుమారిది మందస. ఫ్యాక్టరీలో పక్క బల్ల మీద ఒలుస్తుంది. ఆమె తండ్రి పెళ్ళిపందిళ్ళు వేసేవాడు. చిన్నప్పుడు తాడు పట్టుకుని ఆయన వెంట తిరిగింది. "మూల సరిగ్గా తిరగాలంటే ఇటు మూడు మూరలు, అటు నాలుగు కొలిసి మేకులు కొట్టు వదినా. ఆ రెండింటికీ మధ్య అయిదు మూరలొచ్చిందా, మరి చూసుకోనక్కర్నేదు," అంది. కొలిస్తే అయిదే వచ్చింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

గోతుల దగ్గర నవ్వు ఆగింది. ఈ ఉద్దానమంతా ఇసక నేల. గునపం దించిన కొద్దీ అంచులు విరిగి లోపలికి జారిపోతాయి. ముందురోజే నీళ్ళు పోసి నానబెట్టారు. అడుగు తీసేసిన రేకు డబ్బా ఒకటి గోతిలో దించి, దాని లోపలి మన్ను తోడుతూ కిందికి నొక్కుతూ పోయారు. మూడున్నర అడుగులు. ఒక్కో గోతికి ఒక పూట పట్టింది. ఎనిమిది గోతులు. అంత లోతు ఎందుకని సూర్యకుమారి అడిగితే మగ్దలీన, "ఏమో, అంత ఉంటేనే నాకు నిద్రపడతాది," అంది. అది ఎక్కడి నుంచి వచ్చిన మాటో ఆమెకే తెలియలేదు.

రాటలు కొనక్కర్లేదు. ఇంటి వెనక, ఏడేళ్ళుగా కొబ్బరిమట్టల కింద, పాత సాల రాటలు పడున్నాయి. తాటి రాటలు, ఇనుములా ఉంటాయి. వాటిని ఎవరూ తాకలేదు. మట్టలు తీస్తుంటే పొగాకు వాసన గుప్పుమంది. మగ్దలీన చేతిలోని మట్ట వదిలేసి వెనక్కి తిరిగి చూసింది.

"ఏటైంది వదినా?"

"ఏటీ నేదు. ఆ పక్క పట్టు."

మొదటి రాటను వెలుగులోకి లాగి, తడిగుడ్డతో మన్ను తుడిచింది. రాట భూమిలోకి దిగే మేరకు చెద పట్టకుండా తారు పూస్తారు. ఎండకీ వానకీ రాటంతా బూడిదరంగుకు తిరిగినా ఆ నలుపు మాత్రం అలాగే ఉంది. మొదలు నుంచి కొంత దూరం వచ్చి, గీత గీసినట్టు ఆగింది. మగ్దలీన మోచెయ్యి రాట మొదలుకు ఆనించి కొలిచింది. ఒక మూర. ఇంకో సగం. అంతే.

రెండోది తుడిచింది. మూరన్నర. మూడోది. ఎనిమిదీ తుడిచింది, చివరికి పరుగు పరుగున. ఎనిమిదింటికీ అంతే.

అప్పుడు ఆ రోజు కళ్ళకు కట్టింది. తారు డబ్బా పట్టుకుని నిలబడింది తనే. "బావా, ఈ లోతు సాలదేమో, ఇసక నేల కదా," అంది. సత్యరాజు తలెత్తకుండానే, "నువ్వు మేస్త్రీవెప్పుడయ్యేవే? ఎల్లి టీ ఎట్టు," అన్నాడు. పక్కనే అత్త ఉంది. ఆవిడ ఒక పుల్ల తీసి గోతిలో దించి, పైకి తీసి, లోతు ఎంతుందో చూసింది. కొడుకు వంక చూసింది. పుల్ల పారేసింది. టీ పెడుతుంటే వంటింట్లోకి వచ్చి మెల్లగా అంది: "ఊరుకో మగ్గీ. ఆడి పని తప్పంటే ఆ తప్పు మన నెత్తికే సుట్టుకుంటాది."

తను ఊరుకుంది. ఊరుకున్నా ఆ తప్పు తన నెత్తికే చుట్టుకుంది.

మర్నాడు సత్యరాజు తన ట్రాలీ ఆటోలో పైకప్పు రేకులు తెచ్చాడు. అడగకుండానే తెచ్చాడు, అలాంటివి అప్పుడప్పుడూ చేస్తాడు. దిగుతూనే గోతుల్లోకి తొంగి చూసి, "ఏటిది, నూతులు తవ్వుతన్నారేటి? సగం కప్పెట్టీయండి. రెండడుగులు సాలు," అన్నాడు.

"ఇలా రా బావా," అంది మగ్దలీన.

రాటలన్నీ వరసగా పడుకోబెట్టి ఉన్నాయి, తారు పూసిన మొదళ్ళు దారివైపు ఉండేలా. సత్యరాజు చూశాడు. చేతిలోని రేకు కింద పెట్టాడు. సూర్యకుమారి చెంబు తీసుకుని బోరు వైపు వెళ్ళిపోయింది.

"వానొచ్చేత్తాదని తొందరపడ్డానే," అన్నాడు చివరికి. "తవ్వుతుంటే ఇసక ఇరిగి పడిపోతాంది. తరవాత సిమెంటు పోసి బిగిద్దామనుకున్నాను."

"ఆవుని ఇప్పమని సాయంత్రం నాకు సెప్పినావా?"

అతను రాట మీద కూర్చున్నాడు. గోటితో తారును గీకాడు. అది ఊడలేదు.

"సెప్పినావా బావా?"

"అందరూ అడుగుతుంటే ఏటో ఒకటి సెప్పాలి కదే," అన్నాడు సత్యరాజు.

మగ్దలీన మనసులో, గుమ్మంలో నిలబడి తల తుడుచుకునే మనిషి, భుజం మీద తువ్వాలు, ఆ గొంతు, అన్నీ ఒక్కసారి చెదిరిపోయాయి. ఏడేళ్ళు తను మోసినదాని పేరు 'ఏటో ఒకటి'. ఇంకేం కాదు. నోటికి వచ్చిన మొదటి మాట. ఆ మాటకు తను ఎన్ని రాత్రులు మోకాళ్ళ మీద పడి క్షమించమని ఏడ్చింది! ఆడపడుచు ఆ ఏడాది నుంచి తన చేతి నీళ్ళు తాగలేదు. పండగ భోజనాల్లో తనను గిన్నెలు కడిగే దగ్గరే ఉంచారు, వడ్డనకు రానివ్వలేదు. అన్నీ న్యాయమే అనుకుంది.

"అమ్మెలాగూ పోనాది," అన్నాడతను నేలవైపు చూస్తూ. "ఇప్పుడివన్నీ తవ్వకు. ఆ మొదళ్ళు పాతేత్తే మరెవులికీ అగపడవు. ఎవులితోనీ అనకు మగ్గీ."

అతను ఆమెను మగ్గీ అని పిలవడం అదే మొదటిసారి. అది అత్త పిలుపు.

"నువ్వు ఏడేళ్ళు సెప్పినావు," అంది. "నాను ఒక్కసారి సెప్తాను."

సత్యరాజు ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు. ఇద్దరాడవాళ్ళూ రాటలెత్తారు. రాట మొదలు గోతి అంచున ఆనించి, కొసకు తాడు కట్టి, ఒకరు లాగుతూ ఒకరు తోస్తూ, ఆగుతూ. గోతిలోకి దిగిన ప్రతిసారీ పాత నలుపు మీద వాళ్ళు పూసిన కొత్త తారు దాదాపు మూరెడు పైకి ఉండేది. చుట్టూ కంకర వేసి దిమ్మిసతో కొట్టి, సిమెంటు పోసి, ఏటవాలు కర్రలు బిగించారు. రేకులు ఎక్కించడానికి సూర్యకుమారి భర్త లోకనాథ్ నిచ్చెన తెచ్చి ఒక రోజు సాయం చేశాడు.

అంతా అయిన మూడో రోజున వాయుగుండమని సముద్రం మీంచి గాలి లేచింది. మగ్దలీన ఒక్కతే షెడ్డులో ఉంది. రేకులు మోగాయి. మూల రాటను రెండు చేతులా పట్టుకుంది. కదల్లేదు. వెనక నుంచి దగ్గు వినబడింది. ఈసారి తల వంచుకోలేదు.

"ఏటత్తా?" అంది పైకి.

అప్పుడు గుర్తొచ్చింది, ఇన్నేళ్ళూ ఆవు గొడవ కింద పడి కనబడకుండా పోయినది. ఆ తెల్లవారుజామున, గాలికి తలుపు ఎగరకుండా వీపుతో అదిమి పట్టుకుని సత్యరాజు అరిచాడు: "మగ్దలీనా, ఆవుని ఇప్పి రా!" తను గుమ్మం దాటింది. వెనక నుంచి కొంగు పట్టుకుని ఎవరో లోపలికి విసిరినట్టు లాగారు. అత్త. "నువ్వుండు," అంది. మరో మాట లేదు. చీర దోపుకుని వానలోకి వెళ్ళిపోయింది.

పుల్ల దించి లోతు చూసిన మనిషి ఆవిడ. అది నిలబడదని తెలిసిన మనిషి.

మగ్దలీన రాటకు నుదురు ఆనించి ఏడ్చింది. ఏడేళ్ళుగా ఏడ్చిన ఏడుపు కాదది.

ఆదివారం ఆరాధనలో పాట అయ్యాక పాస్టరుగారు, సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవవచ్చన్నారు. మగవాళ్ళ వైపు నుంచి సత్యరాజు తల తిప్పి చూశాడు. వద్దన్నట్టు తల చిన్నగా ఊపాడు. మగ్దలీన చాప మీంచి లేచి, ముసుగు సర్దుకుని, అందరికీ వందనాలు చెప్పింది.

"మాయత్త చిన్నతల్లి గురించి సెప్తాను," అంది. "ఆ సాల రాటలు మూరన్నరే దిగినాయి. అది పడిపోద్దని మా ఇంట్లో ఇద్దరాడోళ్ళకి ముందే తెల్సు. ఒకర్తి నన్ను ఎనక్కి లాగీసి, నా బదులు లోనకెల్లింది. రెండోదాన్ని నాను, ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను."