ఎర్ర త్రికోణం

ఆమె హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసి ఇల్లు చేరేసరికి, అక్క కూతురు చిట్టి గుమ్మంలో కోర్టు కవరు పట్టుకుని నిలబడి ఉంది. అక్క పోయినప్పటి నుంచి ఆ పిల్లను కళ్ళల్లో పెట్టుకుని పెంచింది ఈమే. ఇన్నేళ్ళూ తొంగి చూడని బావ, ఇప్పుడు తన కూతుర్ని తనకు అప్పగించమని కేసు వేశాడు.

"ఏంటి పిన్నీ అది?"

"ఏం లేదే. ఎవరిదో మనకొచ్చింది."

లాయరుని పెట్టుకునే స్తోమత లేదు. పేదవాళ్ళ తరఫున ఊరికే వాదించి పెట్టే ఆఫీసులు ఉంటాయని ఎవరో చెప్పి, రెండు మూడు పేర్లు రాసిచ్చారు. మర్నాడు అన్నం తినే వేళ, దుప్పట్ల గుట్ట వెనక కూర్చుని ఫోనులో వెతికింది. అది అక్క వాడిన పాత ఫోను. ఛార్జింగ్ పూర్తిగా అయిపోయి, అప్పుడే మళ్ళీ ప్రాణం పోసుకుంది.

పేజీ తెరుచుకోలేదు. తెర మీద ఎర్ర త్రికోణం, దాని కింద రెండు ముక్కలు: 'మీ కనెక్షన్ సురక్షితం కాదు. ఎవరైనా మీ సమాచారాన్ని దొంగిలించే ప్రయత్నం చేస్తుండవచ్చు.'

ఎవరైనా అంటే ఇంకెవరు? ఆమెకు ఒక్కడే తట్టాడు. బావది ఫోన్లు బాగుచేసే కొట్టు. ఈ ఫోను అక్కకు కొనిచ్చింది కూడా అతనే. పగలంతా అక్క ఎవరితో ఏం మాట్లాడిందో సాయంత్రం పూసగుచ్చినట్టు చెప్పి, పళ్ళు బయటపెట్టి నవ్వేవాడు.

ఇంకో ఆఫీసు పేరు కొట్టి చూసింది. అదే త్రికోణం. మరొకటి. అక్కడా అదే. ఎటు తిరిగినా అతను తనకంటే ముందే వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డట్టు అనిపించింది. ఫోను ఆపేసి, ఇంటికెళ్ళి బట్టల అడుగున దాచేసింది. ఆ సంగతి ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

వాయిదా రోజున బావ చిట్టిని బడి నుంచే కోర్టుకు తీసుకుపోయాడు. ఈమె ఇస్త్రీ బల్ల దగ్గరే ఉండిపోయింది. లాయరు లేకుండా వెళ్తే నోరు పెగలదని భయం. తను చెప్పబోయేదంతా బావకు ముందే తెలిసిపోయిందని మరో భయం. ఆమె రాలేదు కాబట్టి కోర్టు అతని మాటే విన్నది. ఆ సాయంత్రమే చిట్టిని వెంటబెట్టుకుని వచ్చి, దాని బట్టలు సంచిలో కుక్కుకుని, పిల్లను రెక్క పట్టుకుని తీసుకెళ్ళాడు.

పిల్ల పోయాక ఇక దాచుకోవడానికి ఏం మిగిలింది? బట్టల అడుగున ఉన్న ఫోను తీసుకుని, రాసిచ్చిన వాటిలో దగ్గరి ఆఫీసుకు దారి అడుక్కుంటూ నడిచి వెళ్ళింది. లాయరమ్మ అంతా విని, ఫోను తీసుకుని అటూ ఇటూ నొక్కి చూసింది.

"ఇందులో తేదీ చూశారా అమ్మా? ఎన్నో ఏళ్ళ కిందటిది. ఛార్జింగ్ అయిపోయినప్పుడు వెనక్కి పోయి ఉంటుంది. ప్రతి వెబ్‌సైటుకీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లే గుర్తింపు పత్రం ఉంటుంది. మీ ఫోను లెక్కలో ఆ పత్రాలు ఇంకా పుట్టనే లేదు. అందుకే అన్నిచోట్లా అలా బెదరగొట్టింది."

"అయితే మా బావ చూడట్లేదా?"

"ఆయన వేరే ఏమైనా పెట్టాడేమో విడిగా చూపిద్దాం. ఈ హెచ్చరిక మాత్రం ఆయన పని కాదు. అలాంటిది కనబడితే దాటుకుని వెళ్ళకపోవడం మంచిదే. కానీ అక్కడితో ఆగిపోకూడదు. తేదీ సరిచూసుకోవాలి, లేదంటే ఎవరినైనా అడిగి మా దగ్గరికి రావాలి. ఆ రోజు మీరు వచ్చి ఉంటే..." లాయరమ్మ ఓ తెల్ల కాగితం ముందుకు లాక్కుంది. "తీర్పు తిరగదోడమని అర్జీ వేస్తాను. అప్పటిదాకా పిల్ల అక్కడే ఉంటుంది. నెలలు పట్టొచ్చు."

వారానికోసారి చూసి రావడానికి అనుమతి దొరికింది. బావ కొట్టు ముందు బల్ల మీద చిట్టి ఆమెకు ఎడంగా కూర్చుంది.

"జడ్జిగారు నన్ను అడిగారు, మీ పిన్ని ఏదీ అని. దారిలో ఉంటుంది, వచ్చేస్తుందని చెప్పాను."

ఆమె తేదీ గురించి చెప్పబోయింది. త్రికోణం గురించి చెప్పబోయింది.

"భయపడ్డానే తల్లీ."

"నాన్నకా?"

తల ఊపింది.

"నాకూ భయమే," అంది చిట్టి నెమ్మదిగా. లోపల్నుంచి బావ పిలిచాడు. పిల్ల లేచి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.