రంగు కింద మర

గదిని వేడిచేసే రేడియేటర్‌కు రంగు వేసేటప్పుడు గాలి వదిలే మరకు కూడా పూయమని ఎవరు చెప్పారు?

బాయిలర్ నడిపే లైసెన్సు కోసం అరవై ఒకటో ఏట నోవీ సాద్ నగరంలో పరీక్షకు వెళ్లాను. పరీక్షాధికారి ద్రాగోల్యుబ్ అభ్యర్థులమైన మా ఇద్దరినీ ఒక బడి మూడో అంతస్తుకు తీసుకువెళ్లి, సరిగా వేడెక్కని రేడియేటర్‌ను చూపించాడు. దాన్ని వేడెక్కించినవారికే లైసెన్సు.

రెండో అభ్యర్థి నెనాద్ మంట పెంచడానికి కింది బాయిలర్ గదికి పరుగెత్తాడు. నేను రేడియేటర్‌ను తాకి చూశాను. అడుగు వేడిగా, పైభాగం చల్లగా ఉంది. అంటే లోపల పైన గాలి చేరి వేడినీటిని అడ్డుకుంటోంది.

"గాలి తీయాలి," అన్నాను.

"తీయండమ్మా, మర కనబడితే," అని నవ్వాడు ద్రాగోల్యుబ్.

ఏటా వసంతంలో పూసిన తెల్లరంగు పొరల కింద అది కప్పబడిపోయింది. జడపిన్నుతో గీకడం మొదలుపెట్టాను.

నెనాద్ రొప్పుతూ వచ్చాడు. "మంట బాగా పెంచానత్తా. ఇంకా వేడెక్కలేదా?"

"నీ మంటకు కింది అంతస్తువాళ్లు ఉక్క తాళలేక కిటికీలన్నీ తెరుచుకున్నారు నాయనా."

మర బయటపడింది. తిప్పగానే గాలి బుస్సుమంది, ఆపైన నీటిచుక్క రాలింది. మర బిగించాను. కాసేపటికి పైభాగమూ వేడెక్కింది. ద్రాగోల్యుబ్ నా కాగితంపై సంతకం చేశాడు.

ఈ వసంతంలో బ్రష్షు పట్టేముందు మీ రేడియేటర్ మరకు కాగితం చుట్టండి.